కాస్త చూసుకో

"ఇంకో ఏడెనిమిది మంది వస్తున్నారట, కాస్త చూసుకో" అని పాస్టరుగారు వంటింటి కర్టెన్ పక్కకి జరిపి, తల మాత్రం లోపలికి పెట్టి చెప్పి, జవాబు కోసం ఆగకుండా ముందుగదిలోకి వెళ్లిపోయారు.

ఆయన భార్య రెండు చేతులూ మణికట్టు దాకా పిండిలో ఉన్నాయి. కలిపిన ముద్ద మీద తడిగుడ్డ కప్పేసి, ఒక్క నిమిషం ఆ స్టూలు మీద కూలబడదామనుకుంటోంది అప్పుడే. ఏడెనిమిది మంది అంటే మళ్లీ ఓ బేసిన్ పిండి. డబ్బా మూత తియ్యబోతే కుడిచేతికి పట్టు చిక్కలేదు. పొద్దున లేచినప్పటినుంచీ బొటనవేలూ దాని పక్కన రెండు వేళ్లూ మొద్దుబారి, ఎవరో అరువిచ్చి మరిచిపోయినట్టు వేలాడుతున్నాయి. డబ్బాని పొట్టకి ఆనించుకుని ఎడమచేత్తో మూత లాగింది. మూత వచ్చింది, దాంతోపాటు పిండీ వచ్చింది, కొంత బట్టల మీదికి, కొంత నేల మీదికి. ఊడ్చుకోవాల్సింది ఎలాగూ తనే కాబట్టి ఎవర్నీ తిట్టుకోలేదు.

ఆ ఇంట్లో "చూసుకోవడం" అనే మాట రెండు రకాలుగా నడుస్తుంటుంది. ముందుగదిలో ఉన్నంతసేపూ అది "దేవుడు చూసుకుంటాడు". కర్టెన్ దాటి వంటింట్లోకి వచ్చేసరికి "కాస్త చూసుకో" అయిపోతుంది. ఎవరికో పని పోయినా, ఎవరింట్లోనో బాలింతకి వండిపెట్టే దిక్కులేకపోయినా, చెప్పాపెట్టకుండా నలుగురు బోధకులు దిగినా ఆయన కళ్లు మూసుకుని నిండు నమ్మకంతో "దేవుడు చూసుకుంటాడు" అంటారు. తర్వాత కళ్లు తెరిచి వంటింటి వైపు చూస్తారు. దేవుడు కచ్చితంగా ఆ దిక్కునే ఉంటాడని ఆయనకెలా తెలిసిందో ఆమెకి ఇప్పటికీ అంతుపట్టదు. ఇక ఆ "కాస్త" అనే మాటంటే ఆమెకి ఒళ్లు మంట. కాస్త టీ పెట్టు అంటే గదినిండా ఉన్నవాళ్లకి పెట్టమని. కాస్త పక్కలు వెయ్యి అంటే తమ మంచం ఖాళీ చేసి ఇచ్చేసి, అత్తగారి గదిలో నేలమీద పడుకోమని. ఆ కాస్తలన్నీ పోగేస్తే ఆమె జీవితం అయింది.

ఇల్లంటే పెద్దదేం కాదు. ముందున్న పొడవాటి గది ఒకప్పుడు ఎవరిదో సరుకుల గోదాము. ఇప్పుడు అందులో బెంచీలు, ఒక మైకు, గోడకి ఒక స్పీకరు పెట్టె. దాని వెనక వంటిల్లు, రెండు గదులు. ఒకటి వాళ్లది, ఒకటి అత్తగారిది. పిల్లలిద్దరూ చదువులకని హాస్టల్లో ఉంటారు. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక దూరం నుంచి వచ్చినవాళ్లకి భోజనం ఇక్కడే. ఆదివారం విశ్రాంతి దినం అని మొదట ఎవరన్నారో గాని, వాళ్లింట్లో పాస్టరు ఉండి ఉండడు. ఇక ఈ ఆదివారం సంగతి చెప్పనే అక్కర్లేదు. రేపటినుంచి మూడు రోజులు ప్రార్థన కూటాలు. వాటి కోసం పేరున్న బోధకుడు ఒకాయన నిన్ననే ఇద్దరు శిష్యులతో దిగాడు. అందరూ ఆయన్ని "పెద్దాయన" అంటున్నారు. ఆ పెద్దాయన ప్రస్తుతం ఆమె మంచం మీద పడుకుని, ఆమె దిండు వాడుకుంటూ, ఆమె వంట తింటూ ఉన్నాడు.

పాస్టరుగారు మొదటినుంచీ పాస్టరుగారు కాదు. పెళ్లినాటికి ఒక ఆఫీసులో గుమస్తా. ఒకరోజు దేవుడు పిలిచాడని చెప్పి, కుర్చీ వదిలేసి ఇంటికి వచ్చేశారు. మామగారు కూడా పాస్టరుగానే బతికి పాస్టరుగానే పోయారు కాబట్టి ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అత్తగారు మాత్రం కోడల్ని పక్కకి పిలిచి, "పాస్టరు ఇంట్లో పొయ్యి చల్లారకూడదు, పెళ్లాం నోరు వేడెక్కకూడదు. ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే చాలమ్మాయ్" అని చెప్పింది. ఆమె రెండూ గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు ఏడాదికోసారి ఆయన మైకు ముందు నిలబడి సాక్ష్యం చెబుతారు. "జీతం వదులుకుని దేవుణ్ణి నమ్మి వచ్చినవాణ్ణి. ఆనాటినుంచి ఈనాటివరకు మా ఇంట్లో ఒక్క పూట పొయ్యి వెలగకుండా లేదు" అంటారు. జనమంతా ఆమేన్ అంటారు. కర్టెన్ వెనకనుంచి ఆమె కూడా అంటుంది. ఆయన ఉద్యోగం మానిన నెలలోనే ఆమె చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. ఈ రెండు సంగతులూ ఇంతవరకు ఒకే సాక్ష్యంలో ఎదురుపడలేదు.

అలాగని ఆమెకి నమ్మకం లేదనుకుంటే పొరపాటు. ఆమె నమ్ముతుంది. ఫ్యాక్టరీలో కాలర్ల దగ్గర కూర్చుని, ఒక్కో కాలరు తిప్పి కుడుతూ, ఇది ఎవరి మెడకి పడుతుందో వాళ్లని చల్లగా చూడు తండ్రీ అని గొణుక్కుంటుంది. అక్కడి ఆడపిల్లలు ఆమెకి ప్రార్థనక్క అని పేరు పెట్టారు. ఎవరికి కడుపునొప్పి వచ్చినా, ఎవరి మొగుడు అలిగి పోయినా ప్రార్థనక్క మిషను దగ్గరికి వచ్చి చెవిలో చెప్పిపోతారు. దేవుడితో ఆమెకి పేచీ ఏమీ లేదు. ఆయన పేరు చెప్పి పని పురమాయించేవాళ్లతోనే ఆమె అలిసిపోయింది.

ఆమె చెయ్యి సంగతి మొదట ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పట్టుకుంది. ఒక కాలరు తెచ్చి మిషను మీద పెట్టి, "ఏంటక్కా ఇది? నీ కుట్టు గీత గీసినట్టుండేది. ఇది చూడు, పాములా పోయింది" అంది. మళ్లీ అలాగే జరిగాక ఇంకేమీ అనకుండా, ఆమెని దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి మార్చేసింది. అది కొత్తగా చేరిన పిల్లలు కూర్చునే బల్ల. కత్తెర పట్టుకుంటే కత్తెర కూడా జారిపోతోందని అక్కడ తెలిసింది. పక్కనున్న పిల్ల వంగి తీసిచ్చి, "పర్లేదు ఆంటీ, అలవాటైపోద్ది" అని ధైర్యం చెప్పింది. అన్నేళ్లు కాలర్లు కుట్టిన మనిషికి అలవాటు అవుతుందని ధైర్యం చెప్పించుకోవాల్సి వచ్చినందుకు ఆరోజు ఆమెకి బాత్రూములోకి వెళ్లి ఏడవాలనిపించింది. కానీ బాత్రూముకి వెళ్లాలంటే సూపర్‌వైజరుని అనుమతి చీటీ అడగాలి. అడగలేక మానేసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆమె చేతిని తిప్పి తిప్పి చూసింది. "మణికట్టు దగ్గర నరం నలిగిపోతోంది. చిన్న ఆపరేషనే, భయం లేదు. కానీ తర్వాత ఆరు వారాలు ఈ చెయ్యి నీళ్లలో పెట్టకూడదు, బరువెత్తకూడదు. పిండి కలపడం, బట్టలు పిండడం అసలే వద్దు" అంది.

"కొన్నాళ్లు ఆగితే ఏమవుతుంది డాక్టర్?"

డాక్టరమ్మ ఆమె బొటనవేలి మొదట్లో కండని వేలితో నొక్కి చూపించింది. ఉబ్బెత్తుగా ఉండాల్సిన చోట చిన్న పల్లం పడి ఉంది. "ఇది ఎండిపోవడం మొదలైంది. ఇంకా ఆగితే నొప్పి తగ్గినా పట్టు తిరిగిరాదు. సూది పట్టుకోలేరు, గుండీ పెట్టుకోలేరు. వచ్చే మంగళవారం చేస్తాను, సోమవారం పొద్దున వచ్చి చేరండి. ఇది వదిలేస్తే మళ్లీ మీ వంతు ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. బయట వరస చూశారుగా?"

ఆ మాట ఇంట్లో చెప్పడానికి ఆమెకి రెండు రోజులు పట్టింది. పాస్టరుగారు విని నిజంగానే కంగారుపడ్డారు. ఆయన చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. తాగొచ్చి కొట్టే మొగుడైతే నలుగురూ జాలిపడతారు. ప్రార్థన చేసే మొగుడి మీద ఎవరికి చెప్పుకోవాలి? ఆయన పై అధికారికే చెప్పుకోవాలి. ఆయన ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ చెయ్యి నీ పరిచర్యలో అరిగిపోయింది, నువ్వే ముట్టి బాగుచెయ్యి" అని ప్రార్థన చేశారు. చేస్తూ చేస్తూ ఏడ్చారు. కన్నీళ్లు ఆమె మణికట్టు మీద వెచ్చగా పడ్డాయి. ఆ క్షణాన ఆమెకి ఆయన మీద పెళ్లయిన కొత్తలో ఉన్నంత ప్రేమ పొంగుకొచ్చింది. చెయ్యి పోతే పోయిందిలే అనిపించేంత ప్రేమ.

ఆమేన్ అన్నాక ఆయన కళ్లు తుడుచుకుని, "మంగళవారం అంటే కూటాల్లో రెండో రోజు. ఆరోజు ఎలా కుదురుతుంది చెప్పు? నువ్వు లేకపోతే ఈ ఇంట్లో ఏ గిన్నె ఎక్కడుందో ఎవరికి తెలుసు? ఇంకో తేదీ ఇస్తారులే. దేవుడు చూసుకుంటాడు" అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని, "నోరెండిపోయింది, కాస్త టీ పెడతావా?" అని చెయ్యి వదిలారు.

ఆమె టీ పెట్టింది. ఎడమచేత్తో.

మొదటి రొట్టె పెనం మీద పడేసరికి స్పీకరులో పెద్దాయన గొంతు మొదలైంది. మంచి గొంతే. మన్నా గురించి చెబుతున్నాడు. ఎడారిలో తిండి లేక అల్లాడిన జనానికి దేవుడు రోజూ పొద్దున్నే ఆకాశం నుంచి ఆహారం కురిపించిన సంగతి. "ఎందుకు అని అడగలేదు, ఎలా అని అడగలేదు! దేవుడు ఏరుకోమన్నాడు, ఏరుకున్నారు. తినమన్నాడు, తిన్నారు. రేపటికి దాచుకున్నవాడి కుండలో పురుగులు పట్టాయి. దేవుడికి కావాల్సింది మీ తెలివి కాదు, మీ విధేయత! చిన్నపిల్లల విధేయత!" అన్నాడు. ముందుగదిలో ఆమేన్లు మోగాయి.

ఆమె రొట్టె తిప్పుతూ నవ్వుకుంది. ఏరుకున్నారట, తిన్నారట. మధ్యలో ఒక పని ఎగిరిపోయింది. అదే గ్రంథంలో ఇంకొక చోట, దాన్ని తిరగలిలో విసిరి, రోట్లో దంచి, పెనం మీద కాల్చి రొట్టెలు చేసుకునేవాళ్లని ఉంది. ఆమె చదివింది. ఆ ముక్క మీద ఇంతవరకు ఎవరూ ప్రసంగం చెయ్యగా వినలేదు. ఆకాశం నుంచి రొట్టె పడలేదమ్మా, రొట్టెకి కావాల్సిన సరుకు పడింది. మిగతాది ఎడారిలో ఇసుక మీద కూర్చుని ఎవరో చేశారు. నలభై ఏళ్లు చేశారు. వాళ్ల మణికట్లు ఏమయ్యాయో. సాయంత్రానికి వాళ్లు చేతులు విదిలించుకుంటూ డేరా బయట నిలబడితే, మగవాళ్లు లోపల కూర్చుని దేవుడు మనల్ని ఎంత బాగా చూసుకుంటున్నాడో అనుకుని ఉంటారు.

ఎన్నడో మట్టిలో కలిసిపోయిన ఆ ఆడవాళ్లతో ఆమెకి ఒక్కసారిగా చుట్టరికం కలిసినట్టయింది.

"ఇంకొక సంగతి వినండి" అన్నాడు పెద్దాయన. "ఆరు రోజులు ఏరుకోండి, ఏడో రోజు మాత్రం ఆగండి అన్నాడు దేవుడు. కానీ కొందరు ఆగలేదు! ఏడో రోజు కూడా బుట్ట పట్టుకుని బయల్దేరారు. ఏం దొరికింది? ఏమీ దొరకలేదు. ఎందుకు వెళ్లారు? కష్టజీవులనా? కాదు! నమ్మకం లేక! తాము చెయ్యి ఆపితే ఇల్లు గడవదని భయపడ్డారు. తల్లులారా, తండ్రులారా, చెయ్యమన్నప్పుడు చెయ్యడం ఎంత విధేయతో, ఆగమన్నప్పుడు ఆగడం అంతే విధేయత."

మాడిన వాసన వచ్చింది. చూస్తే పెనం మీద రొట్టె నల్లగా అయిపోయింది. అది తీసి, తను తినడానికని దొంతర అడుక్కి తోసేసింది.

భోజనాల దగ్గర ఆమె వడ్డిస్తోంది. కూర గిన్నె బరువుగా ఉంది. పెద్దాయన కంచం దగ్గరికి వచ్చేసరికి వేళ్లు వాటంతట అవే విడిపోయాయి. గిన్నె ఆయన మోకాలి పక్కనుంచి జారి, పెద్ద చప్పుడుతో బోర్లా పడింది. గదిలో అందరూ తలెత్తారు. ఆమె అప్పటికే గుడ్డ తీసుకుని మోకాళ్ల మీద కూర్చుని తుడుస్తోంది.

"పర్లేదు, పర్లేదు. అమ్మగారు బాగా అలిసిపోయినట్టున్నారు. మీకు విశ్రాంతి కావాలమ్మా" అన్నాడు పెద్దాయన. మర్యాద తెలిసినవాడే.

"మా ఆవిడకి విశ్రాంతి పడదండి!" అన్నారు పాస్టరుగారు నవ్వుతూ. "అరగంట ఖాళీగా కూర్చోబెట్టి చూడండి, జ్వరం తెచ్చుకుంటుంది."

అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ ఆమె కూడా నవ్వింది. నేలమీద వంగి, ఒలికిన కూర ఎత్తుతూ, తన మీద వేసిన జోకుకి తనే నవ్వింది. గిన్నె జారినందుకు కాదు గాని, ఆ నవ్వు తన నోట్లోంచి వచ్చినందుకు ఆమెకి సిగ్గేసింది. వంటింట్లోకి వచ్చి గిన్నెలు సింకులో పడేసి, మాడిన రొట్టె తినబోయి, తినలేక పక్కన పెట్టేసింది.

మధ్యాహ్నం అత్తగారికి బైబిలు చదివి వినిపించడం ఆమె పనుల్లో ఒకటి. నిజానికి పనులన్నిటిలో ఆమెకి ఇష్టమైంది ఇదొక్కటే, కూర్చుని చేసే పని కాబట్టి. అత్తగారికి చూపు తగ్గింది. వేళ్లు వంకర తిరిగి పట్టులేక చాలా ఏళ్లుగా స్పూనుతో తింటుంది. రవిక గుండీలు కోడలే పెడుతుంది. ఈరోజు గుండీ పెట్టబోతే కోడలి వేళ్లకి కూడా చిక్కలేదు. రెండుసార్లు జారింది. మూడోసారికి అత్తగారు కిందికి చూసింది.

"ఎన్నాళ్లైంది?" అంది.

"ఏది అత్తయ్యా?"

"నా దగ్గర నాటకాలొద్దమ్మాయ్. నీ చెయ్యి సంగతి."

ఆమె చెప్పింది. డాక్టరమ్మ మాట, మంగళవారం, కూటాలు, అన్నీ. "సరే, మన్నా సంగతి చదువు. ఆ పెద్దాయన అరుపులే గాని నాకు మాటలు తెలియలేదు" అంది అత్తగారు.

ఆమె చదివింది. మన్నా అయిపోయింది. బయట గిన్నెలు తోమాల్సినవి గుర్తొచ్చినా లేవబుద్ధి కాక అలా ముందుకి చదువుకుంటూ పోయింది. కొండ వచ్చింది, ఉరుములు వచ్చాయి, ఆజ్ఞలు వచ్చాయి. ఏడో రోజున ఏ పనీ చెయ్యకూడదు, నువ్వు గాని, నీ కొడుకు గాని, నీ కూతురు గాని, నీ దగ్గర పనిచేసే మగవాడు గాని, ఆడది గాని, నీ పశువు గాని, నీ ఇంట్లో ఉన్న పరాయివాడు గాని.

"ఆగు" అంది అత్తగారు. "మళ్లీ చదువు."

మళ్లీ చదివింది.

"కొడుకున్నాడు, కూతురుంది, పనిమనిషి ఉంది. గొడ్డుకి కూడా సెలవిచ్చాడు. పెళ్లాం ఉందా అందులో?"

ఆమె వేలు పెట్టి చూసింది. "లేదత్తయ్యా."

"లేదు కదా? పెళ్లై వచ్చినప్పటినుంచి వెతుకుతున్నాను. అచ్చుతప్పేమోనని ఇంకొకరి బైబిలు తెప్పించి కూడా చూశాను. అందులోనూ లేదు." ఆవిడ గొంతులో నవ్వుందో ఏడుపుందో తెలియలేదు. "ఒకసారి మీ మామగారిని అడిగాను. పెళ్లాం చేసేది పని కిందికి రాదే పిచ్చిదానా, అన్నారు."

ముందుగదిలో పాటలు సాధన చేస్తున్నారు.

"నాకూ బొటనవేలే ముందు" అంది అత్తగారు ఉన్నట్టుండి.

"మీకు వయసు వల్ల కదా అత్తయ్యా?"

"వయసా నా మొహమా. మీ ఆయన అప్పటికి నిక్కర్లేసుకునే పిల్లాడు. మీ మామగారు నూనె రాసి ప్రార్థన చేశారు. చాలా మంచి ప్రార్థన చేశారు, అందరూ ఏడ్చారు. డాక్టరు దగ్గరికి పోతే నమ్మకం లేనట్టే అనుకుని నేనే పోలేదు. ఎవరూ కట్టేసి ఆపలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తర్వాత ఎడమచేత్తో నెట్టుకొచ్చాను. నువ్వు కోడలివై వచ్చిన రోజు గరిటె నీ చేతికిచ్చి, దేవుడు నాకు దారి చూపించాడని స్తోత్రం చెప్పుకున్నాను." ఆవిడ తలతిప్పేసుకుంది. "నీకు ఏ దారి చూపిస్తాడని ఒక్కసారి కూడా ఆలోచించలేదు."

ఆమె అత్తగారి చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. బొటనవేలి కింద కండ లేనేలేదు. ఎముక మీద ముడతలు పడ్డ తోలు. పక్కనే తన చెయ్యి పెట్టింది. తన చేతిలో ఆ పల్లం ఇంకా చిన్నదే. ఇంత స్పష్టంగా ఏ ఎక్స్‌రే చూపించలేదు. ఆమెకి మొదటిసారి నిజంగా భయమేసింది. దేవుడి పనికి అడ్డొస్తానేమోనన్న భయం కాదు, తన చెయ్యి తనకి లేకుండా పోతుందన్న భయం.

పుస్తకం ఇంకా తెరిచే ఉంది. ఆమె మళ్లీ ఆ వాక్యం వైపు చూసింది.

"అత్తయ్యా, ఇందులో నువ్వు అంటే ఎవరు?"

"ఎవరేంటి? ఇంటి యజమాని. ఆయనకే కదా కొడుకులూ, పనివాళ్లూ, గొడ్లూ."

ఇన్నేళ్లూ ఆమె కూడా అలాగే అనుకుంది. కానీ ఇప్పుడు ఆ మాట దగ్గరే కళ్లు ఆగిపోయాయి. నువ్వు. ఆమె మొగుణ్ణి మీరు అంటుంది. అత్తగారిని మీరు అంటుంది. సూపర్‌వైజరు తనకంటే చిన్నదైనా మీరు అంటుంది. ఈ పెద్దాయన శిష్యులున్నారే, మీసాలు కూడా సరిగా రాని వాళ్లు, వాళ్లనీ మీరు అంటుంది. పుట్టి బుద్ధెరిగాక, తనకంటే పైనున్నవాళ్లలో నువ్వు అని ఆమె నోరారా పిలవగలిగింది ఒక్క దేవుణ్ణే. ఫ్యాక్టరీలో, వంటింట్లో, బస్సులో నిలబడి, నువ్వే చూడు, నువ్వే చెప్పు, నువ్వు విన్నావా అని అడుగుతూనే ఉంది. మరి ఇన్నాళ్లూ తను నువ్వు అని పిలుస్తుంటే పలికినవాడు, తిరిగి నువ్వు అన్నప్పుడు మాత్రం ఆమె భుజం మీదుగా వెనకున్న మొగుడితో మాట్లాడతాడా?

"చదువుతున్నది నేను కదత్తయ్యా" అంది మెల్లగా. "నేను చదువుతుంటే నువ్వు అని ఉంది. అది మీ అబ్బాయిని అన్నట్టు లేదు. నన్నే అన్నట్టుంది."

అత్తగారి పెదవులు కదిలాయి, ఆ వరసని మనసులో మొదటినుంచి చదువుకుంటున్నట్టు.

"గొడ్డు పక్కన వెతికాను, పనిమనిషి పక్కన వెతికాను" అంది చివరికి. "మొదటి మాటే చూసుకోలేదమ్మాయ్."

ఆవిడ ఏడ్చింది. కళ్లు తుడుచుకోవడానికి ఆవిడ వేళ్లు సహకరించవు కాబట్టి కోడలు తుడిచింది.

ఎండ తగ్గే వేళకి పాస్టరుగారు కర్టెన్ జరిపారు. వంటింట్లో దీపం కూడా వెయ్యలేదు. ఆమె స్టూలు మీద గోడకి జారగిలబడి కూర్చుని ఉంది. ఒళ్లో రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

"ఏమోయ్, ఇంకా పిండి కలపలేదా? కూటాలకి వచ్చేవాళ్లు బస్సు దిగారట. వచ్చేస్తున్నారు."

"లేదండీ."

"ఒంట్లో బాగాలేదా?"

"రేపు పొద్దున ఆస్పత్రిలో చేరుతున్నాను. మంగళవారం ఆపరేషన్. ఈ పూటనుంచి ఈ చేత్తో పిండి కలపను."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే ఆమెకి తేలికయ్యేది. నిలబడినచోటే చిన్నపిల్లాడిలా బిక్కమొహం వేసి, "మరి ఇంతమందికి ఎలా?" అన్నారు.

దానికి జవాబు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మాటే, ఆయనకి అప్పజెప్పడానికి సిద్ధంగా ఉంది. కానీ మింగేసింది. ఆ మాట దెప్పడానికి వాడుకునేది కాదు. ఆమె దాన్ని నిజంగా నమ్ముతుంది. అదీగాక ఎత్తిపొడవడానికైనా కొంచెం ఓపిక కావాలి. అది ఎప్పుడో అయిపోయింది.

"ఎవరు, ఆ డాక్టరమ్మేనా ఏ పనీ చెయ్యొద్దన్నది?" అన్నారు ఆయన. "డాక్టర్లు అందరికీ అలాగే చెబుతారు. ప్రతిదానికీ వాళ్ల మాట వింటే ఎలా?"

"డాక్టరమ్మ మొన్ననే కదండీ చెప్పింది" అంది ఆమె. "దేవుడు ఎప్పుడో చెప్పాడు. నేనే ఇన్నాళ్లూ ఆయన మాట వినలేదు."